టార్క్‌తో పాటు పెరిగిన కుదుపు: ఒక మధ్యతరహా హెలికాప్టర్‌లో ల్యాగ్ డ్యాంపర్ లోపం బయటపడిన తీరు

నేపథ్యం

ఏడబ్ల్యూ139, ఎన్‌హెచ్90, హెచ్225, ఏడబ్ల్యూ101 వంటి మధ్యతరహా, పెద్ద హెలికాప్టర్లను ఒకే పనికి కట్టరు. రోటర్, గేర్‌బాక్సు, ఇంజన్లు అవే ఉంటాయి; మారేది క్యాబిన్. నేలలోని పట్టాలకు సీట్లు బిగిస్తే ప్రయాణికుల రవాణా, సీట్లు తీసి స్ట్రెచర్లు పెడితే అంబులెన్సు, తలుపు పైన హోయిస్టు (మనుషులను తాడుతో పైకి లాగే యంత్రం) బిగిస్తే గాలింపు-రక్షణ, పొట్ట కింద కొక్కెం తగిలిస్తే సరుకు మోత. పాత్ర మార్చడం కొన్ని గంటల పని కాబట్టి రోటర్‌కు దానితో సంబంధం లేదనిపిస్తుంది. కానీ ప్రయాణికులను మోసే హెలికాప్టర్ దాదాపు ఎప్పుడూ ముందుకు పోతూనే ఉంటుంది, హోవర్‌లో, అంటే గాలిలో ఒకే చోట నిలిచి, ఉండేది కొన్ని క్షణాలు. హోయిస్టు పనిలో అదే యంత్రం నేల ఆసరా అందని ఎత్తున, పూర్తి బరువుతో, నిమిషాల తరబడి ఒకే చోట నిలబడాలి. హోవర్‌లో రోటర్ అంత టార్క్‌ను (రోటర్‌ను తిప్పే మెలిక బలాన్ని) అంతసేపు మోయడం అప్పుడే జరుగుతుంది.

ఈ కేసులోని యంత్రానికి రెండు ఇంజన్లు, ఐదు బ్లేడ్ల ప్రధాన రోటర్, సుమారు 14 మీటర్ల రోటర్ వ్యాసం ఉన్నాయి. బ్లేడ్లు కాంపోజిట్‌వి. హబ్ (బ్లేడ్లు కలిసే నడిమి భాగం) టైటానియం, ప్రతి బ్లేడు ఎలాస్టోమెరిక్ (రబ్బరు, లోహపు పొరల) బేరింగు మీద కదులుతుంది, ముందువెనకల ఊగిసలాటను ఒక ఎలాస్టోమెరిక్ ల్యాగ్ డ్యాంపర్ అదుపు చేస్తుంది. రోటర్ నిమిషానికి దాదాపు 300 చుట్లు తిరుగుతుంది. అంటే చుట్టుకు ఒకసారి వచ్చే కంపనం (1ఆర్) 5 హెర్ట్‌జ్, ఐదు బ్లేడ్లు దాటడం వల్ల వచ్చేది (5ఆర్) 25 హెర్ట్‌జ్. కంపనాలను, గేర్‌బాక్సు స్థితిని నిరంతరం నమోదు చేసే హమ్స్ వ్యవస్థ కూడా అమర్చి ఉంది.

ఫిర్యాదు

ప్రయాణికుల పాత్రలో చాలాకాలం నడిచిన యంత్రాన్ని హోయిస్టు పాత్రలోకి మార్చారు. ఆ తర్వాత తొలి సాధన ఎగురుళ్ళలోనే, బరువుగా హోవర్ చేస్తున్నప్పుడు యంత్రం అటూఇటూ ఊగుతోందని, తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్న హోయిస్టు ఆపరేటర్‌కు అది స్పష్టంగా తెలుస్తోందని సిబ్బంది రాశారు. మధ్యస్థ వేగంతో ముందుకు పోతున్నప్పుడు ఫిర్యాదు లేదు.

మొదట తేల్చవలసింది ఊగుడు ఏ పౌనఃపున్యంలో ఉందన్నది. సిబ్బంది మాటలను బట్టి దీన్ని నిర్ణయించకూడదు. 'కుదుపు', 'వణుకు', 'ఊగుడు' అన్న మాటలను ఒక్కొక్కరు ఒక్కో అర్థంలో వాడతారు. కాక్‌పిట్‌లోని అడ్డ దిశ యాక్సిలరోమీటర్ (కంపనం కొలిచే సెన్సరు) బరువైన హోవర్‌లో 1ఆర్ వద్ద సెకనుకు 0.55 అంగుళాలు చూపింది. అనుమతి 0.2. నిలువు దిశ 1ఆర్ 0.1 లోపే ఉంది, 5ఆర్ మామూలుగానే ఉంది. దీనితో చాలా అనుమానాలు ఒకేసారి తొలగిపోయాయి. బ్లేడ్ల మొనలు ఒకే ఎత్తులో తిరగకపోతే, అంటే ట్రాక్ చెడితే, అది నిలువు 1ఆర్‌గా కనిపించాలి. బ్లేడు కోణాన్ని మార్చే యంత్రాంగంలోని రొటేటింగ్ సిజర్స్ లేదా పిచ్ లింకుల బేరింగులు వదులైనా నిలువులోనూ, ట్రాక్‌లోనూ జాడ ఉండాలి. అడ్డ దిశలో మాత్రమే 1ఆర్ ఉందంటే రోటర్ గురుత్వ కేంద్రం ఇరుసు మీద లేదని అర్థం.

ఇంతవరకు తర్కం సరిగ్గానే నడిచింది. పక్కదారి పట్టింది దీని తర్వాతే.

ప్రయత్నించినవి, ఫలించనివి

అందరి చూపూ ముందు హోయిస్టు మీద పడింది. కుడి తలుపు పైన కొత్తగా బరువు చేరింది, ఫిర్యాదూ అప్పుడే వచ్చింది. కాలం కలిసొచ్చిందని కారణం అనుకోవడం మరమ్మతు పనిలో తరచూ జరిగేదే. ఇక్కడ మాత్రం భౌతికశాస్త్రం దాన్ని ఒప్పుకోదు. ఫ్యూజలాజ్‌కు (హెలికాప్టర్ శరీరానికి) బిగించిన బరువు రోటర్‌తో తిరగదు, కనుక 1ఆర్‌ను పుట్టించలేదు. ఉన్న 1ఆర్‌కు ఫ్యూజలాజ్ స్పందనను కాస్త మార్చగలదంతే. అయినా హోయిస్టు తీసి చూశారు. అది చవకైన పరీక్ష, ఆపరేటర్లకు నమ్మకం కుదరడానికీ పనికొస్తుంది కాబట్టి తప్పుపట్టను. రీడింగులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

తర్వాతిది మామూలుగా అందరూ చేసే పని, హబ్‌కు బరువులు కట్టి సరితూచడం. తెలిసిన బరువు ఒకటి కట్టి, రీడింగు ఎంత మారిందో, ఏ కోణానికి తిరిగిందో కొలిచి, బరువెక్కువ ఉన్న దిక్కును లెక్కగట్టారు. ఈ కొలత ఎగురుడు చిన్నది. ఇంధనం తక్కువ, యంత్రం తేలిక, డ్యాంపర్లు ఇంకా చల్లగానే ఉన్నాయి. టార్క్ 60 శాతం దగ్గర హోవర్‌లో 0.30 వచ్చింది. దాదాపు 700 గ్రాములు సర్దాక 0.05కి దిగింది. పని అయిపోయిందని సంతకాలు పెట్టారు.

తర్వాతి హోయిస్టు సాధనలో పూర్తి బరువుతో, అరగంట ఎగిరాక, అదే హోవర్‌లో మళ్ళీ 0.3 వచ్చింది.

బరువు జారిందేమోనని చూశారు, జారలేదు. ఈసారి బరువైన హోవర్‌లోనే సరితూచారు. అక్కడ 0.1కి తగ్గింది కానీ, దిగేటప్పుడు తక్కువ పవర్‌లో యంత్రం ఊగుతోందని కొత్త ఫిర్యాదు మొదలైంది. అక్కడి రీడింగు 0.33. ఫేజ్ (చుట్టులో కుదుపు వచ్చే కోణం) చూస్తే పాతదానికి ఇంచుమించు 180 డిగ్రీలు ఎదురుగా ఉంది.

ఈ దశలో రెండు దారులు కనిపించాయి. ఒకటి, రెండు పరిస్థితులకూ మధ్యస్థంగా బరువు పెట్టి రెండుచోట్లా అనుమతికి అటూఇటూగా సర్దుకుపోవడం. ఇది చాలాచోట్ల జరుగుతుంది, పత్రాల్లో తప్పు కనిపించదు. రెండోది, ఎక్కువ బరువు చూపుతున్న దిక్కులోని బ్లేడును అనుమానించడం. లెక్కగట్టిన దిక్కు 4వ బ్లేడుకు దగ్గరగా, దాన్ని దాటి సుమారు 18 డిగ్రీలు అవతల పడింది. కొలతల్లో పది డిగ్రీల చెదురు మామూలే కాబట్టి ఆ 18ని పొరపాటు కింద వదిలేశారు. కాంపోజిట్ బ్లేడు లోపలి తేనెపట్టు పొరలోకి నీరు చేరితే బ్లేడు బరువెక్కుతుంది, ఇది నిజంగా జరిగేదే. 4వ బ్లేడు విప్పి వేరేది వేశారు. కొత్త బ్లేడుకు పిచ్ లింకు, ట్రిమ్ ట్యాబులు (బ్లేడు వెనక అంచున వంచే చిన్న రేకులు) సర్ది ట్రాక్ కుదుర్చుకోవడానికే బోలెడు పని పట్టింది. అడ్డ 1ఆర్ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ప్రశ్న మార్చి చూడటం

బరువు తేడా వల్ల పుట్టే బలం మూడింటి మీదే ఆధారపడుతుంది: ద్రవ్యరాశి, అది ఇరుసు నుంచి ఉన్న దూరం, రోటర్ వేగం. హెలికాప్టర్ రోటర్ వేగం ఎగిరినంతసేపూ దాదాపు స్థిరం. కాబట్టి నిజమైన బరువు తేడా టార్క్‌తో మారకూడదు. ఇక్కడ సరిచేసిన ప్రతిసారీ తప్పు ఇంకో టార్క్ దగ్గర తేలుతోంది. అందువల్ల 'ఎక్కడ బరువు ఎక్కువ?' అన్న ప్రశ్నను పక్కనపెట్టి, 'టార్క్ పెరిగితే రోటర్‌లో ఏది కదులుతుంది?' అని అడగవలసి వచ్చింది.

దీనికి ముందు ఒక అభ్యంతరాన్ని తీర్చుకోవాలి. నేల మీద ఫ్లాట్ పిచ్‌లో (బ్లేడ్లు ఎత్తే బలం ఇవ్వని కోణంలో) కొలిచిన రీడింగును గాలిలోని హోవర్ రీడింగుతో పోల్చడం ఈ పనికి పనికిరాదు. చక్రాల మీద ఉన్న యంత్రం ఓలియోల (ల్యాండింగ్ గేర్ షాక్ అబ్జార్బర్ల) మీద ఊగుతుంది, గాలిలో ఉన్నది స్వేచ్ఛగా ఊగుతుంది. ఒకే బలానికి రెండు వేర్వేరు స్పందనలు వస్తాయి. అందుకే అన్ని కొలతలూ గాలిలోనే తీసుకున్నారు. హబ్ బరువులు పాత్ర మార్పుకు ముందున్న స్థితికి తెచ్చి, తేలిక హోవర్, బరువైన హోవర్, 80 నాట్ల దిగుడు, మళ్ళీ బాగా వేడెక్కాక బరువైన హోవర్ కొలిచారు.

20 శాతం టార్క్‌తో దిగేటప్పుడు 0.12. 60 శాతం దగ్గర 0.30. 80 శాతం దగ్గర చల్లగా ఉన్నప్పుడు 0.42, వేడెక్కాక 0.55. అన్నిటిలో ఫేజ్ దాదాపు ఒక్కటే. బరువైన హోవర్‌లో యంత్రం మొత్తం ద్రవ్యరాశి పెరుగుతుంది కాబట్టి అదే బలానికి కంపనం తగ్గాలి. పెరిగిందంటే బలమే పెరిగింది. చల్లని బిందువులను కాగితం మీద టార్క్‌కు ఎదురుగా గుర్తిస్తే వచ్చే గీతను వెనక్కి పొడిగించినప్పుడు అది సున్నా టార్క్ దగ్గర దాదాపు సున్నాకే చేరింది. ఈ గీతలో రెండు విడి సంగతులున్నాయి. సున్నా దగ్గర మిగిలేది అసలైన బరువు తేడా. గీత వాలు అంటే టార్క్‌తో కదిలే తేడా. ఈ యంత్రంలో మొదటిది లేదు, ఉన్నదంతా రెండోదే. హబ్‌కు కట్టే బరువులు మొదటిదాన్ని మాత్రమే తీర్చగలవు.

టార్క్ పెరిగితే ప్రతి బ్లేడూ తిరిగే దిశకు వెనక్కి వాలుతుంది. ఎంత వాలాలో నిర్ణయించేవి అపకేంద్ర బలం, డ్యాంపర్ బిగువు. బ్లేడు వాలే కీలు, అంటే హింజ్, రోటర్ ఇరుసుకు దగ్గరగా ఉంటుంది కనుక వాలును ఎదిరించడంలో అపకేంద్ర బలం వాటా పరిమితం, డ్యాంపర్ రబ్బరు బిగువు వాటా గణనీయం. ఒక డ్యాంపర్ మెత్తబడితే ఆ బ్లేడు మిగతా నాలుగింటికంటే ఎక్కువ వాలుతుంది. దీని ప్రభావం ఎంతో ఒక లెక్క చూపుతుంది. బ్లేడు 60 కిలోలు, దాని గురుత్వ కేంద్రం హింజ్ నుంచి 3 మీటర్లు అనుకుందాం. 0.2 డిగ్రీల అదనపు వాలుకు గురుత్వ కేంద్రం సుమారు 10 మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. ఇది ఇరుసు నుంచి 0.6 మీటర్ల దూరంలో ఒక కిలో బరువు తగిలించినట్టే; నిమిషానికి 300 చుట్ల వద్ద దాదాపు 600 న్యూటన్ల తిరుగుడు బలం. కంటికి కనిపించని వాలు చాలు.

వదిలేసిన 18 డిగ్రీలకు అర్థం ఇక్కడే దొరికింది. బ్లేడు బరువెక్కితే తేడా ఆ బ్లేడు దిశలోనే కనిపిస్తుంది. బ్లేడు పక్కకు వాలితే గురుత్వ కేంద్రం బ్లేడుకు అడ్డంగా, అంటే 90 డిగ్రీలు వెనక దిశలో జరుగుతుంది. ఐదు బ్లేడ్ల రోటర్‌లో వెనక వచ్చే బ్లేడు 72 డిగ్రీల దూరంలో ఉంటుంది. కాబట్టి 3వ బ్లేడు వాలితే 'ఎక్కువ బరువు' 4వ బ్లేడును దాటి 18 డిగ్రీల అవతల పడుతుంది. మార్చింది నిర్దోషి బ్లేడును. బ్యాలెన్సింగు సాఫ్ట్‌వేరు బరువు తేడా బ్లేడు పొడవునే ఉంటుందని అనుకుని లెక్కిస్తుంది, అందువల్ల అది ఈ దారి చూపలేదు.

నిరూపణకు కొత్త పరికరమేదీ అవసరపడలేదు. ట్రాక్ కొలిచే కెమెరా బ్లేడు మొనల ఎత్తుతో పాటు అవి ముందుకో వెనక్కో ఎంత జరిగాయో కూడా నమోదు చేస్తుంది. తెర మీద మామూలుగా తెరిచే పేజీలో ఎత్తు మాత్రమే కనిపిస్తుంది, రెండో పేజీని ఎవరూ తెరవలేదు. తెరిస్తే, బరువైన వేడి హోవర్‌లో 3వ బ్లేడు మొన మిగతావాటి సగటు కంటే 30 మిల్లీమీటర్లకు పైగా వెనకబడి ఉంది. దిగుడులో ఆ తేడా 10 మిల్లీమీటర్ల లోపే. మొదటి కొలత ఎగురుడు దస్త్రంలోనూ ఈ ధోరణి ఉంది.

ఆపేయడం ఎందుకు

ఈ క్షణం నుంచి ఇది సౌకర్యం సమస్య కాదు. ల్యాగ్ డ్యాంపర్లు ఉన్నదే గ్రౌండ్ రెజొనెన్సును ఆపడానికి. చక్రాల మీద ఉన్నప్పుడు బ్లేడ్ల ముందువెనకల ఊగు, ల్యాండింగ్ గేర్ మీద ఫ్యూజలాజ్ ఊగు ఒకదానికొకటి శక్తిని అందించుకునే స్థితికి వస్తే, ఊగు కొద్ది సెకన్లలోనే యంత్రాన్ని ముక్కలు చేసేంతగా పెరగగలదు. డ్యాంపర్ మెత్తబడితే బిగువు, ఊగును మింగే శక్తి రెండూ తగ్గుతాయి, రోటర్ అసమానంగా మారుతుంది. గాలి తక్కువున్న టైరు, గ్యాసు తగ్గిన ఓలియో, ఓడ డెక్కు మీద కట్టిన గొలుసులు తోడైతే మిగిలిన భద్రతా ఎడం ఎంతో ఎవరూ చెప్పలేరు. అనుమానం డ్యాంపర్ మీదికి రాగానే యంత్రాన్ని ఎగరనివ్వకుండా నిలిపేశారు. ఈ నిర్ణయంలో బేరం ఉండకూడదని గట్టిగా నమ్ముతాను.

నిర్ధారణకు రెండు పద్ధతులున్నాయి. 3వ బ్లేడు డ్యాంపర్‌ను 5వ బ్లేడుకు మార్చి, ఫేజ్ 144 డిగ్రీలు తిరుగుతుందా అని చూడటం ఒకటి. తర్కానికి ఇదే అందం. కానీ చెడిందని అనుమానమున్న భాగంతో మళ్ళీ రోటర్ తిప్పాలి. గ్రౌండ్ రెజొనెన్సును దృష్టిలో పెట్టుకుని ఆ దారి వదిలేశారు. కొత్త డ్యాంపర్ వేసి, ఏం కనిపించాలో ముందే కాగితం మీద రాసుకోవడం రెండోది: హబ్ బరువులు కదపకుండానే గీత వాలు దాదాపు పోవాలి, కొత్త రబ్బరు వాడిన రబ్బరు కంటే కాస్త బిగువుగా ఉంటుంది కనుక చిన్న శేషం ఎదురు దిశలో మిగలవచ్చు, 3వ బ్లేడు మొన సగటులోకి రావాలి. ముందే రాసిపెట్టుకోకపోతే, భాగం మార్చాక వచ్చిన ఏ మెరుగుదలనైనా విజయంగా చదువుకునే అవకాశం ఉంటుంది.

పనిచేసింది

విప్పే ముందు డ్యాంపర్ రెండు చివర్ల రాడ్ ఎండ్ బేరింగుల ఆట కొలిచారు. అక్కడ వదులుంటే రబ్బరు బాగున్నా బ్లేడు అలాగే వాలుతుంది. ఆట పరిధిలోనే ఉంది. పైకి చూస్తే రబ్బరు అంచున కాస్త పొడి రాలింది, మాన్యువల్ అనుమతించే లోతు దాటిన పగులు లేదు. కంటి తనిఖీలో ఆ డ్యాంపర్ పాసయ్యేదే, అంతకుముందు పాసయింది కూడా.

కొత్త డ్యాంపర్‌తో బరువైన వేడి హోవర్‌లో 0.13, తేలిక హోవర్‌లో 0.10, దిగుడులో 0.08 వచ్చాయి. ఫేజ్ అనుకున్నట్టే ఎదురు వైపుకు వెళ్ళింది. 3వ బ్లేడు మొన మిగతావాటితో కలిసింది. వాలు పోయాకే హబ్ బరువులు ముట్టుకున్నారు. 150 గ్రాములతో మూడు పరిస్థితులూ 0.1 లోపలికి వచ్చాయి. పాత డ్యాంపర్‌ను బల్ల మీద పరీక్షిస్తే బిగువు మిగతావాటికంటే సుమారు మూడో వంతు తక్కువ, వేడెక్కించాక ఇంకా తక్కువ. కోసి చూస్తే రబ్బరుకూ లోహపు పొరకూ మధ్య అతుకు లోపలి భాగంలో ఊడింది, అంచు దాకా రాలేదు.

పాత్ర మార్పుకు ముందు ఎవరూ ఎందుకు ఫిర్యాదు చేయలేదో హమ్స్ పాత దస్త్రాలు చెప్పాయి. ప్రయాణికుల పాత్రలో హోవర్ కొలతలు తక్కువ టార్క్‌లో, కొద్ది సెకన్లపాటే నమోదయ్యేవి. అవి నెలల తరబడి మెల్లగా పెరుగుతూ వచ్చినా హెచ్చరిక గీతను ఎప్పుడూ తాకలేదు. హోయిస్టు లోపాన్ని తేలేదు, కనిపించే చోటికి తెచ్చిందంతే.

కేసు తర్వాత మారిన పద్ధతులు

రోటర్ సరితూచే పనికి ఇప్పుడు ఒకే హోవర్ చాలదు. తేలిక, బరువైన హోవర్లు, తక్కువ పవర్ దిగుడు, మూడూ డ్యాంపర్లు వేడెక్కాక కొలుస్తారు. ఈ మూడింటిలో సరిచేయాల్సిన బరువు, కోణం ఒకటే వస్తేనే హబ్ బరువు ముడతారు. కోణం నిలిచి పరిమాణం టార్క్‌తో పెరిగితే బరువుల డబ్బా మూసి, బ్లేడు మొనల ముందువెనకలు చూపే లీడ్-ల్యాగ్ పేజీ తెరుస్తారు. సూచించిన దిక్కు ఏ బ్లేడు మీదా సరిగ్గా పడకపోతే, ఐదు బ్లేడ్ల రోటర్‌లో 18 డిగ్రీల తేడా ఉందేమో ప్రత్యేకంగా చూస్తారు. నాలుగు బ్లేడ్లున్న ఎన్‌హెచ్90 వంటి వాటిలో 90 డిగ్రీలంటే సరిగ్గా పక్క బ్లేడే కాబట్టి అక్కడ ఈ ఆనవాలు కూడా దొరకదు, టార్క్ గీత ఒక్కటే దిక్కు. ఏడబ్ల్యూ101లో ఉన్నట్టు ఫ్యూజలాజ్ కంపనాన్ని చురుగ్గా అణచే వ్యవస్థల మీదా ఇక్కడ ఆశ పెట్టుకోకూడదు. అవి బ్లేడు దాటే పౌనఃపున్యానికి సర్దినవి, 1ఆర్‌ను తాకవు.

హమ్స్ నుంచి కొత్తగా ఒక సంఖ్యను వెంబడిస్తున్నారు. 80 శాతం టార్క్ హోవర్‌లోని అడ్డ 1ఆర్ సదిశ నుంచి 20 శాతం దిగుడులోని సదిశను తీసేస్తే మిగిలేది అది. తీసివేత పరిమాణాలతో కాదు, కోణాలతో సహా చేయాలి. బరువు తేడాలు ఈ తీసివేతలో కొట్టుకుపోయి డ్యాంపర్ల తేడా మిగులుతుంది. పాత్ర ఏదైనా ఈ కొలత కోసం పక్షానికోసారి బరువైన హోవర్ చేయిస్తారు. మిగిలిన నాలుగు డ్యాంపర్లూ ఇంచుమించు ఒకే వయసువి కనుక, వాటి గడువు తీరేదాకా ఆగకుండా తర్వాతి పెద్ద తనిఖీలో విప్పి బల్ల మీద బిగువు కొలవాలని పని పట్టికలో చేర్చారు.